ఏ అండ్ ఎం వాళ్ళు కోచ్‌ని పంపించడానికే 76 మిలియన్లు పోశారు కదా, మరి ఆ టీమ్ ఎలా బాగుపడిందండి?

ఆకివీడు_రొయ్య

అందరికీ నమస్కారం అండి. ఇది క్రికెట్ గురించి కాదు, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి, అదేనండి పేరుకి ఫుట్‌బాలే గానీ బంతిని చంకలో పెట్టుకుని పరిగెడతారు చూడండి, అది. రొయ్యల చెరువులోడికి దీంతో పనేంటని నవ్వకండి. మావాడు ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో ఎంఎస్ చేశాడు, మా తోడల్లుడి కొడుకేమో అక్కడికి రెండు గంటల దూరంలో కాలేజ్ స్టేషన్ అనే ఊళ్ళో టెక్సాస్ ఏ అండ్ ఎం. ఈ రెండు కాలేజీలకీ తాతల నాటి పగంట, 2011లో ఆడాక ఏ అండ్ ఎం వాళ్ళు ఎస్‌ఈసీ అనే వేరే లీగ్‌కి ఎల్లిపోతే మళ్ళీ పదమూడేళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదంట, 2024లో మావాళ్ళు కూడా అదే లీగ్‌లో చేరితే మళ్ళీ మొదలైంది.

ఆ మొదటి మ్యాచ్ మనకి డిసెంబర్ 1 ఆదివారం పొద్దున్న ఆరింటికి. మావాడు ఫోన్ చేసి నాన్నా చూడు చూడు అన్నాడు, మటన్‌కి బయల్దేరినోణ్ణి టీవీ ముందు కూలబడిపోయా, పదింటికి కొట్టుకెళ్తే ఎముకలు తప్ప ఏం లేవు, ఆ రోజు మా ఇంట్లో రెండో మ్యాచ్ జరిగింది అది వేరే సంగతి. మేం 17-7తో కొట్టాం. ఆ సంక్రాంతికి మా తోడల్లుణ్ణి ఒక ఆట ఆడుకున్నా, మీవాళ్ళు కోచ్‌ని పని మానెయ్యమని 76 మిలియన్ డాలర్లు ఇచ్చారంట కదండి అని.

తీరా 2025లో చూస్తే అదే టీమ్ వరసపెట్టి 11 మ్యాచ్‌లు గెలుచుకుంటూ వచ్చేసింది. ఇప్పుడు మళ్ళీ పండక్కి అందరం భీమవరంలో కలుస్తాం, ఆయన నన్ను వదలడు. అందుకని మూడు సంగతులు తెలియాలి. ఆ 76 మిలియన్లు ఎవడి సొమ్ము, మనం లోన్లు తీసి కట్టిన ఫీజులేనా. పని చెయ్యనోడికి అంత ఎందుకిచ్చారు. డబ్బంతా అలా తగలేసినోళ్ళు రెండేళ్ళలో టీమ్‌ని ఎలా నిలబెట్టారు. తెలిసినోళ్ళు చెప్పండి, మావాణ్ణి అడిగితే ఆఫీసులో ఉన్నా నాన్నా అంటాడు.

పేరూరు_టు_డాలస్

పండక్కి ఊరొచ్చి ఉన్నానండి, కొబ్బరి చెట్ల కింద కూర్చుని టైప్ చేస్తున్నా, నెట్ వచ్చీపోతూ ఉంది కాబట్టి ఒకేసారి రాసేస్తా.

ముందు మీ రెండో ప్రశ్న. మీరు చెరువులోళ్ళు కాబట్టి మీకు చిటికెలో అర్థమైపోద్ది. ఐదేళ్ళకి చెరువు లీజు రాసుకున్నారనుకోండి, రెండో ఏడు వైట్ స్పాట్ జబ్బు వచ్చి పంట మొత్తం పోయింది, మీరు దండం పెట్టి చెరువు వదిలేశారు. అగ్రిమెంట్లో గట్టిగా రాసుంటే మిగతా మూడేళ్ళ లీజు మీరు కట్టాల్సిందే కదా. ఏ అండ్ ఎం వాళ్ళు తీసేసిన కోచ్ జింబో ఫిషర్ సంగతి అచ్చం అంతే, ఇలా ఇచ్చే డబ్బుని బయౌట్ అంటారు. 2017 డిసెంబర్‌లో ఫ్లోరిడా స్టేట్ నుంచి తెచ్చుకున్నప్పుడే పదేళ్ళకి 75 మిలియన్లు, మొత్తం గ్యారంటీ. 2020లో 9-1 కొట్టి, అంటే తొమ్మిది గెలిచి ఒకటి ఓడి, దేశంలో నాలుగో ర్యాంకు వచ్చేసరికి వీళ్ళు ఉబ్బితబ్బిబ్బయిపోయి 2021లో జీతం ఏడాదికి 9 మిలియన్లు చేసి 2031 దాకా రాసిచ్చేశారు. 2023 నవంబర్‌లో తీసేశారు, అది కూడా ఎప్పుడనుకున్నారు, మిసిసిపీ స్టేట్‌ని 51-10తో చితక్కొట్టిన మర్నాడు.

లీజుకీ దీనికీ ఒక్కటే తేడా. మీరు వదిలేసిన చెరువుని రైతు ఇంకోళ్ళకి ఇచ్చుకుంటే ఆ వచ్చిన డబ్బు మీ బాకీలోంచి తగ్గించమని మీరు అడుగుతారు, పెద్దమనుషులు కూడా అదే అంటారు. ఫిషర్ కాగితంలో ఆ తగ్గింపు లేదు. తీసేసిన 60 రోజుల్లో 19 మిలియన్ల పైచిలుకు, ఆ తర్వాత 2031 దాకా ఏడాదికి 7.2 మిలియన్లు, ఆయన ఎక్కడ ఏ పని చేసుకున్నా సరే. ఇప్పుడు టీవీలో కూర్చుని మిగతా కోచ్‌ల ఆట గురించి చెబుతున్నాడు, ఇదీ వస్తుంది అదీ వస్తుంది. పెన్ స్టేట్ వాళ్ళ సంగతి చూడండి, 2025 అక్టోబర్‌లో జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు 49 మిలియన్ల దాకా బాకీ, ఆయన నెల దాటగానే వర్జీనియా టెక్‌లో చేరిపోతే మాట్లాడుకుని 9 మిలియన్లతో సరిపెట్టుకున్నారు. కాగితం మీద ఒక్క వాక్యం తేడా.

ఇక ఎవడి సొమ్ము అంటారా, మీ తోడల్లుడి కొడుకు ఫీజు అయితే కాదు. కాలేజీ అప్పుడే చెప్పింది, క్రీడల విభాగం సంపాదన, 12త్ మ్యాన్ ఫౌండేషన్ అనే దాతల సంస్థ, ఈ రెండే అని. పెద్ద కాలేజీలకి టీవీ హక్కుల వాటానే ఏడాదికి 50 మిలియన్ల పైన వస్తుంది, కైల్ ఫీల్డ్ స్టేడియంలో 1,02,733 మంది పడతారు, సీజన్ టికెట్ కావాలంటే ముందు ఫౌండేషన్‌కి చందా కట్టాలి, మన తీర్థంలో ముందు వరస కుర్చీ లాగే. మీ టెక్సాస్ అయితే ఇంకా పైన, 2023-24లో క్రీడల మీద వచ్చిందే 33 కోట్ల డాలర్ల దగ్గర. చిన్న కాలేజీల్లో మాత్రం పిల్లల ఫీజులోంచి ఆటలకి లాగుతారు, జేమ్స్ మాడిసన్ లాంటి చోట్ల అది పెద్ద మొత్తమే. కాబట్టి మీ అనుమానం మరీ తప్పేం కాదు, కాలేజీ వేరంతే.

తణుకు_కుర్రాడు

7.2 మిలియన్లని 365తో భాగించి చూశా. రోజుకి 16 లక్షల రూపాయల పైనే. నా బీటెక్ నాలుగేళ్ళ ఫీజు ఆయన టిఫిన్ చేసి భోజనానికి కూర్చునే లోపు వచ్చేస్తుంది. 2031కి నాకు పెళ్ళయి పిల్లలుంటారు, ఆయనకి ఇంకా పడుతూనే ఉంటాయి. తస్సాదియ్యా.

నర్సాపురం_ఆగీ

బాబాయ్ గారూ, నేను మీ ఎదుటి పక్షం అండి. 2021 నుంచి 2023 దాకా ఆ కాలేజ్ స్టేషన్‌లోనే ఉన్నాను. మీరు 17-7 అని రాశారు, 2025లో కూడా ఆస్టిన్‌లో మీవాళ్ళే 27-17తో గెలిచారు, అది రాయడం మర్చిపోయారో మొహమాటపడ్డారో గానీ నేనే ఒప్పుకుంటున్నా. మరి ఆ ఏడాది దేశం మొత్తానికి ఛాంపియన్ని తేల్చే 12 టీమ్‌ల ప్లేఆఫ్‌కి ఎవరు ఎళ్ళారో కూడా రాయాల్సింది కదండి. మీరు 9-3, ఇంట్లో కూర్చున్నారు. మేం 11-1, మా గ్రౌండ్‌లోనే మయామితో ఆడాం. 10-3తో ఓడిపోయామనుకోండి, దాని గురించి ఇప్పుడొద్దు.

అసలు మేం ఎంత లోతులో పడ్డామో చెబితే గానీ ఎలా లేచామో అర్థం కాదు. 2022లో ఫిషర్ తెచ్చిన హైస్కూల్ పిల్లల బ్యాచ్ రేటింగుల లెక్కలో అప్పటిదాకా ఎవరూ తేనంత గొప్పది, దేశంలో నంబర్ వన్. అదే ఏడాది మేం 5-7. మీ భాషలోనే చెప్పాలంటే బెస్ట్ హేచరీ నుంచి సీడ్ తెచ్చి, నీళ్ళు పరీక్ష చెయ్యకుండా వదిలేశాం.

ఆ సెప్టెంబర్‌లో అపలేషియన్ స్టేట్ అని కొండల్లో ఉండే కాలేజీని మా గ్రౌండ్‌కి పిలిచాం. పెద్దోళ్ళు చిన్నోళ్ళకి డబ్బులిచ్చి పిలుచుకుంటారండి, వాళ్ళొచ్చి ఓడిపోయి చెక్కు పట్టుకుని వెళ్ళాలి, అదీ పద్ధతి. 15 లక్షల డాలర్లు ఇచ్చాం. 17-14తో మమ్మల్ని కొట్టి చెక్కు కూడా పట్టుకెళ్ళారు. నేను స్టూడెంట్ల స్టాండ్‌లో ఉన్నా. మా దగ్గర స్టూడెంట్లు మ్యాచ్ అయ్యేదాకా కూర్చోరు, 1922లో ఒక మ్యాచ్‌లో ఆటగాళ్ళు వరసగా దెబ్బలు తగిలి పడిపోతుంటే పైన విలేకరుల గదిలో ఉన్న కింగ్ గిల్ అనే కుర్రాడు కిందికొచ్చి డ్రెస్ వేసుకుని అవసరమైతే దిగుతానని లైన్ దగ్గర నిలబడ్డాడు, ఆ గుర్తుగా అందరం నిలబడే ఉంటాం, పన్నెండో ఆటగాడు అంటే అదే. ఆ రోజు టెక్సాస్ సెప్టెంబర్ ఎండలో అన్ని గంటలు నిలబడి ఆ ఓటమి చూశా. నర్సాపురం ఎండ నాకు లెక్కే కాదనుకునేదాన్ని, ఆ రోజు కాళ్ళు పీకేశాయి, నా పక్కన ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు ఏం మాట్లాడకుండా చిప్స్ పొట్లం కూడా విప్పకుండా ఎళ్ళిపోయారు.

సరే బాగుపడింది ఎలాగంటే, మైక్ ఎల్కో. ఈయన కొత్తోడు కాదు, 2018 నుంచి 2021 దాకా ఫిషర్ కిందే డిఫెన్స్ చూసినోడు. డ్యూక్‌కి హెడ్ కోచ్‌గా ఎళ్ళి, అంతకు ముందు ఏడు 3-9 ఉన్న టీమ్‌తో మొదటి ఏడే 9-4 కొట్టాడు, అసలు డ్యూక్ అంటే బాస్కెట్‌బాల్ తప్ప జనానికి గుర్తు రాదు. జీతం ఏడాదికి 7 మిలియన్లతో ఒప్పుకున్నాడు, అంటే ఇంట్లో కూర్చున్నాయనకి ఏటా ఇచ్చేదానికన్నా తక్కువ! మొదటి ఏడు 8-5, పెద్ద గొప్పేం కాదు, మావాళ్ళు సణిగారు కూడా. కానీ ఆ ఏడే అక్టోబర్‌లో ఎల్‌ఎస్‌యూ, అదే లూసియానా స్టేట్ కాలేజీ, మీద వెనకబడి ఉన్నప్పుడు మార్సెల్ రీడ్ అనే కుర్రాణ్ణి దింపి 38-23తో గెలిచాడు, అప్పట్నుంచి బంతి ఆ అబ్బాయి చేతిలోనే. రెండో ఏటికి బంతి పట్టేవాళ్ళు బలహీనంగా ఉన్నారని ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోంచి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితాలోంచి, కేసీ కన్సెప్షన్‌నీ మారియో క్రేవర్‌నీ తెచ్చాడు. సెప్టెంబర్‌లో నోటర్ డామ్ వాళ్ళ ఊరెళ్ళి 41-40. ఆ రోజు నాకు నిద్ర లేదు, తెల్లారి ఆఫీసుకి ఎర్రకళ్ళేసుకుని ఎళ్ళా.

అన్నట్టు మీవాళ్ళేం తక్కువ తిన్లేదండి. 2021 జనవరిలో కోచ్ టామ్ హెర్మన్‌ని తీసేసినప్పుడు ఆయనకి 15 మిలియన్ల దాకా ఇచ్చారు. తర్వాత వచ్చిన సార్కిసియన్ మొదటి ఏడు 5-7, కాన్సస్ చేతిలో సొంత గ్రౌండ్‌లో 57-56తో ఓడిపోయారు. ఓపిక పట్టారు, 2023కి ప్లేఆఫ్‌కి ఎళ్ళారు. మీ తోడల్లుడి గారికి ఇది తెలిస్తే మీ పండగ అయిపోయినట్టే, నేనైతే చెప్పను.

పీడీ_మాస్టారు_రిటైర్డ్

ముప్ఫై ఏళ్ళు కాలేజీ పిల్లలకి కబడ్డీ, వాలీబాల్ నేర్పినోణ్ణి. అమెరికా లెక్కలు నాకు కొత్తే, మనవడు చూపిస్తుంటే ఈ మధ్యనే అలవాటైంది. పై అమ్మాయి చెప్పిందంతా బాగుంది గానీ పోర్టల్ అన్న మాట తేలిగ్గా దాటేసింది, అసలు కిటుకు అక్కడే ఉంది. ఒకప్పుడు ఆటగాడు కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలి. 2021 నుంచి మొదటిసారి మారినోడు వెంటనే ఆడొచ్చు, అదే ఏడు జులై నుంచి తన పేరు మీద యాడ్స్ చేసుకుని సంపాదించుకోవచ్చు, 2025 జులై నుంచి అయితే కోర్టు ఒప్పందం ప్రకారం కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా పంచొచ్చు, మొదటి ఏడు 20.5 మిలియన్ల దాకా. అందుకే ఒకప్పుడు టీమ్ కట్టాలంటే నాలుగైదేళ్ళు, ఇప్పుడు రెండే.

ఇండియానా చూడండి. ఆ కాలేజీ చరిత్రంతా ఓటములే, 2023లో 3-9. జేమ్స్ మాడిసన్ నుంచి కర్ట్ సిగ్నెట్టీని తెచ్చారు, అరవై దాటినాయన, అక్కడి ఆటగాళ్ళని డజనుకి పైగా వెంటేసుకొచ్చాడు. మొదటి ఏడే 11-2. రెండో ఏడు ఒహాయో స్టేట్‌ని 13-10తో కొట్టి బిగ్ టెన్ లీగ్ పట్టుకుపోయాడు. అందరూ ఆహా అన్నారు. నేను మాత్రం ఆ జేమ్స్ మాడిసన్ గురించే ఆలోచిస్తా. కోచ్ పోయాడు, పిల్లలు పోయారు. పాపం వాళ్ళు ఇంకొకాయన్ని తెచ్చుకుని మళ్ళీ టీమ్ కట్టి 2025లో ప్లేఆఫ్ దాకా ఎళ్తే ఆయన్నీ యూసీఎల్‌ఏ అనే పెద్ద కాలేజీ వాళ్ళు ఎత్తుకుపోయారు. పైన డాలస్ బాబు చెప్పాడే, అక్కడ పిల్లల ఫీజులోంచి ఆటలకి తీస్తారని, అంటే ఆ పిల్లల డబ్బుతో తయారైన కోచ్‌ని డబ్బున్నోడు పట్టుకుపోయాడు. సొమ్మొకడిది సోకొకడిది.

మాకూ అయింది, చిన్న సైజులో. ఒక ఏడు మా కాలేజీలో ఇద్దరు రైడర్లు తయారయ్యారు, గోదారి గట్టు మీద ఇసకలో పరిగెత్తించి తయారు చేశా, పొద్దున్నే ఇంటినుంచి గుడ్లు ఉడకబెట్టించి పట్టుకెళ్ళేవాణ్ణి ఎందుకంటే స్పోర్ట్స్ ఫీజని పిల్లల దగ్గర కట్టించుకున్న డబ్బులో నా చేతికి ఏడాదికి రెండు వాలీబాల్స్, ఒక నెట్టు వచ్చేవి అంతే. డిగ్రీ సెకండియర్ కొచ్చేసరికి పక్క ఊరి కాలేజీ వాళ్ళు హాస్టల్ ఫ్రీ, భోజనం ఫ్రీ, ఒక జత బూట్లు అని తీసుకుపోయారు. ఆ ఏడు ఇంటర్ కాలేజీ ఫైనల్లో ఆ ఇద్దరే మమ్మల్ని కొట్టారు. కొట్టాక వచ్చి కాళ్ళకి దండం పెట్టారు, నాకు కోపం రాలేదు, మంచి బూట్లేరా అన్నా.

తణుకు_కుర్రాడు

మాస్టారూ గుడ్ల ఖర్చు బయౌట్‌లో కలపాల్సింది మీరు.

ఆకివీడు_రొయ్య

అందరికీ ధన్యవాదాలు అండి, నర్సాపురం అమ్మాయి గారు చురక బానే పెట్టారు, ఒప్పుకుంటున్నా. మాస్టారూ మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా. ఒక్క డౌటు ఉండిపోయింది. ఒక కాలేజీ చెయ్యి కాలాక మిగతావాళ్ళు చూసి నేర్చుకోరా అండి? పక్కోడి చెరువులో సీడ్ పోతే మేం ఆ హేచరీ వైపు ఎళ్ళం కదా.

పేరూరు_టు_డాలస్

నేర్చుకోరండి. నెబ్రాస్కా వాళ్ళు 2022లో కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ని సెప్టెంబర్ 11న తీసేశారు, 15 మిలియన్లు. అక్టోబర్ 1 దాకా ఆగితే అందులో సగమే ఇవ్వాలి. ఇరవై రోజులు! ఆగలేకపోయారు, జార్జియా సదర్న్ చేతిలో ఓడిపోయిన కోపం మీదున్నారు. ఏడున్నర మిలియన్ల కోపం.

ఇంకో తమాషా వినండి, ఇది మీ తోడల్లుడి ముందు వాడుకోవచ్చు. ఫిషర్‌కి ఆ మొదటి పదేళ్ళ గ్యారంటీ రాసిచ్చినప్పుడు ఏ అండ్ ఎంలో క్రీడల డైరెక్టర్ స్కాట్ వుడ్‌వర్డ్. ఆయన తర్వాత ఎల్‌ఎస్‌యూకి మారాడు. అక్కడ 2021లో నోటర్ డామ్ నుంచి బ్రయన్ కెల్లీని తెచ్చి ఏమిచ్చాడనుకున్నారు, మళ్ళీ పదేళ్ళు, 95 మిలియన్లు. 2025 అక్టోబర్‌లో ఏ అండ్ ఎం వాళ్ళు ఎల్‌ఎస్‌యూ గ్రౌండ్‌కే ఎళ్ళి 49-25తో కొట్టారు, మర్నాడే కెల్లీ ఉద్యోగం పోయింది, బాకీ 54 మిలియన్ల దగ్గర. ఆ వారంలోనే వుడ్‌వర్డ్ కూడా పోయాడు, ఏకంగా ఆ రాష్ట్ర గవర్నరే మైకు పట్టుకుని ఈయన ఇంకో కోచ్‌ని ఎంచడానికి వీల్లేదన్నాడు. అంటే ఒకే చేత్తో రాసిన రెండు కాగితాలు, మొదటి కాగితం వల్ల దెబ్బతిన్న టీమ్ లేచొచ్చి రెండో కాగితాన్ని చింపింది.

ఎందుకు నేర్చుకోరంటే నా లెక్క ఇది. ఫిషర్, సేబన్, కిఫిన్, ఇలాంటి పెద్ద కోచ్‌లు చాలామందికి ఏజెంట్ ఒక్కడే, జిమ్మీ సెక్స్‌టన్. పెళ్ళిళ్ళ పేరయ్య ఊరంతటికీ ఒక్కడే అయితే కట్నం తగ్గుతుందా. ఇటు కూర్చున్న దాతలకి వచ్చే శనివారం గెలవాలి, 2031 ఎవడు చూశాడు. కొత్తొక వింత పాతొక రోత అన్నట్టు తీసేసేటప్పుడు చప్పట్లు, తెచ్చేటప్పుడు ఇంకా పెద్ద చప్పట్లు. డబ్బు చాలకపోతే టికెట్ పెంచుతారు, టెనసీ వాళ్ళు 2025 టికెట్లకి టాలెంట్ ఫీ అని 10 శాతం వేశారు, ఆటగాళ్ళకి ఇవ్వడానికని చెప్పి మరీ.

నర్సాపురం_ఆగీ

మొదటి పదేళ్ళది వుడ్‌వర్డ్ రాశాడు నిజమే గానీ 2021లో పెంచింది ఆయన కాదు, అప్పటికి ఆయన లేడు. మా తప్పు మేం సొంతంగా కూడా చేసుకున్నాం అన్నా, ఆ మాత్రం క్రెడిట్ మాకివ్వండి.

పేరూరు_టు_డాలస్

ఇచ్చేశానమ్మా, తీసుకో.

ఆకివీడు_రొయ్య

ఇదంతా చదివాక రాత్రి నాకు నిద్ర పట్టలేదండి, ఫుట్‌బాల్ గురించి కాదు. పోయిన పంటకి మా చెరువుల మీద టెక్నీషియన్‌ని మధ్యలో మానిపించేశా. రెండు పంటలు చూడు, పట్టుబడిలో ఇంత ఇస్తానని చెప్పి ఉన్నా. ఇప్పుడు పక్క ఊళ్ళో పన్నెండెకరాలు చూస్తున్నాడు, అక్కడ కౌంట్ బ్రహ్మాండంగా వస్తోందంట. పండక్కి ఎదురుపడతాడు. నేను బాకీ ఉన్నట్టా లేనట్టా?

పేరూరు_టు_డాలస్

కాగితం రాసుకున్నారా?

ఆకివీడు_రొయ్య

లేదండి, నోటి మాటే. చెరువు గట్టు మీద, టీ తాగుతూ.

పీడీ_మాస్టారు_రిటైర్డ్

అయితే ఇవ్వాలి.